పూత చూసి కాపు చెప్పడం: డ్రాఫ్ట్, వేలం పద్ధతుల్లో యువ క్రీడాకారుల మదింపు – తెలుగు పరిభాషా పరిశీలన

వ్యాససంగ్రహం

వృత్తి క్రీడాజట్లు యువ క్రీడాకారులను తీసుకొనే పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకటి అమెరికా బాస్కెట్‌బాల్‌లో స్థిరపడిన డ్రాఫ్ట్, రెండవది భారతదేశంలో ఐపీఎల్ ద్వారా సుపరిచితమైన వేలం. రెండింటికీ ముందు జరిగే పని ఒక్కటే: ఇంకా పూర్తిగా ఎదగని ఆటగాడు ఎంతవరకు ఎదుగుతాడో ఊహించడం. ఈ మదింపులో ఏయే అంశాలను పరిగణిస్తారు, అవి ఎక్కడ నమ్మదగినవి, ఎక్కడ కావు అన్న విషయాలను ఈ వ్యాసం ఉదాహరణలతో వివరిస్తుంది. కృష్ణా డెల్టాలోని వృత్తి వ్యవహారం, ముఖ్యంగా విజయవాడ ఆటోనగర్ పనివారి మాటలు, నూజివీడు మామిడితోటల బేరం, పశువుల సంత, పిల్లల ఆటలు ఈ మదింపును చెప్పడానికి ఎంతటి సూక్ష్మమైన పరిభాషను ఇవ్వగలవో పరిశీలిస్తుంది. తెలుగు క్రీడావార్తల్లో స్థిరపడిన కొన్ని పదాల ఔచిత్యాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: డ్రాఫ్ట్, వేలం, మదింపు, యువ క్రీడాకారులు, బాస్కెట్‌బాల్, ఖో-ఖో, కబడ్డీ, వృత్తిపదాలు, ఆటోనగర్, క్రీడాపరిభాష.

1. ఉపోద్ఘాతం

2015 జూన్‌లో అమెరికాలో జరిగిన ఎన్.బి.ఏ. బాస్కెట్‌బాల్ డ్రాఫ్ట్‌లో డల్లాస్ మావెరిక్స్ జట్టు 52వ ఎంపికగా సత్నాం సింగ్ భమరాను తీసుకుంది. పంజాబ్‌లోని బల్లో కే గ్రామంలో పుట్టిన అతడు ఆ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడు. అప్పటికి అతని వయసు 19 ఏళ్ళు, ఎత్తు ఏడడుగుల రెండంగుళాలు. లూధియానా అకాడమీలో ఆట నేర్చి, ఫ్లోరిడాలో శిక్షణ పొంది, కళాశాల స్థాయి ఆట ఆడకుండానే డ్రాఫ్ట్‌కు వచ్చాడు. కాని ఎన్.బి.ఏ. ప్రధాన పోటీల్లో ఒక్క ఆటైనా ఆడే అవకాశం అతనికి రాలేదు. తరువాత అతడు వృత్తి కుస్తీ రంగానికి మళ్ళాడు.

ఈ ఉదాహరణను విజయంగా చెప్పాలా, వైఫల్యంగా చెప్పాలా అన్నది తేలిక ప్రశ్న కాదు. అతణ్ణి ఎంచినవారు చూసింది అతడు ఆ రోజు ఆడుతున్న ఆటను కాదు, ఆ శరీరంతో అతడు ఆడగలడని తాము ఊహించిన ఆటను. ఉన్నదాన్ని తూచడం కొలత. రాబోయేదాన్ని తూచడం ఊహ. కొలత, ఊహ కలిసిపోయే ఈ ప్రక్రియనే ఈ వ్యాసంలో మదింపు అంటున్నాం. నిలిచివున్న పైరును చూసి దిగుబడి లెక్కకట్టే సందర్భంలో మన రైతులకు, రెవెన్యూ సిబ్బందికి పరిచితమైన మాట ఇది. కోత కోయకముందే చెప్పే లెక్క కాబట్టి ఈ సందర్భానికి సరిగ్గా సరిపోతుంది.

ఈ విషయం తెలుగువారికి దూరమైనది కాదు. ప్రో కబడ్డీలో తెలుగు టైటాన్స్, అల్టిమేట్ ఖో-ఖోలో తెలుగు యోధాస్ వంటి జట్లున్నాయి. విశాఖపట్నం, గుంటూరు, హైదరాబాదు యువకులు ప్రతి సంవత్సరం ఐపీఎల్ వేలం జాబితాల్లో కనిపిస్తున్నారు. డిగ్రీ తరగతుల్లో ఉండవలసిన వయసులో వీరి జీవితాల దిశ కొన్ని నిమిషాల్లో నిర్ణయమవుతోంది. ఆ నిర్ణయం ఎలా జరుగుతుందో, దాన్ని మనం ఏ మాటలతో చెబుతున్నామో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. డ్రాఫ్ట్ – వేలం: స్వరూపభేదం

డ్రాఫ్ట్‌లో జట్లు వంతులవారీగా ఆటగాళ్ళను ఎంచుకుంటాయి. గత సంవత్సరం వెనుకబడిన జట్టుకు ముందు వంతు వచ్చే అవకాశం ఎక్కువ. అమెరికా బాస్కెట్‌బాల్‌లో ఈ పద్ధతి 1947 నుండి ఉంది. ముందు వంతు కోసం కొన్ని జట్లు కావాలని ఓడిపోతాయన్న అనుమానం రావడంతో 1985లో లాటరీని ప్రవేశపెట్టారు. 2019 నుండి అట్టడుగు మూడు జట్లకూ తొలి ఎంపిక దక్కే అవకాశం తలా 14 శాతంగా సమానం చేశారు. డ్రాఫ్ట్‌లో రెండు విడతలుంటాయి. తొలి విడతలో ఎంపికైన ఆటగాడి ప్రారంభ వేతనాన్ని ప్రధానంగా అతని వరుససంఖ్యే నిర్దేశిస్తుంది. అంటే ఇక్కడ జట్టు ఖర్చుపెట్టేది డబ్బుకంటే ముందుగా తన వంతును.

వేలంలో వంతు లేదు, సంచి ఉంది. 2025 ఐపీఎల్‌కు ముందు జరిగిన వేలంలో ఒక్కో జట్టు సంచి 120 కోట్ల రూపాయలు. ఒక ఆటగాడి కోసం ఎన్ని జట్లయినా పోటీపడవచ్చు. కాబట్టి అతని ధరను నిర్ణయించేది అందరి సగటు అభిప్రాయం కాదు, అతణ్ణి అందరికంటే ఎక్కువగా ఊహించినవాడి అభిప్రాయం. విలువ అనిశ్చితంగా ఉన్నచోట గెలిచిన పాటదారు తరచు ఎక్కువ చెల్లించినవాడే అవుతాడు. అమెరికా చమురు క్షేత్రాల వేలాలను పరిశీలించిన ఇంజనీర్లు 1971లో ప్రతిపాదించిన ఈ భావనను ఆర్థికశాస్త్రం విజేత శాపం అంటుంది. తెలుగులో దీనికి అంతకంటే చురుకైన మాట ఎప్పటినుండో ఉంది: వేలంవెర్రి.

డ్రాఫ్ట్ భారతదేశంలో లేకపోలేదు. 2008లో ఐపీఎల్ తొలి సంవత్సరాన, 19 ఏళ్ళలోపు ప్రపంచకప్ గెలిచిన జట్టులోని కుర్రవాళ్ళను వేలంలో కాక డ్రాఫ్ట్ ద్వారా పంచారు. 2022లో మొదలైన అల్టిమేట్ ఖో-ఖో కూడా డ్రాఫ్ట్‌నే ఎంచుకుంది. ఆటగాళ్ళను శ్రేణులుగా విభజించి, శ్రేణిని బట్టి పారితోషికాన్ని ముందే నిర్ణయించింది. ఆరు జట్ల ఆ తొలి పోటీలో తెలుగు యోధాస్ అంతిమ పోరుకు చేరి, ఒడిశా జగర్‌నాట్స్ చేతిలో 46-45తో ఒక్క పాయింటు తేడాతో ఓడింది. ఒక్క ఆటతో పద్ధతి గుణదోషాలు తేలవు. అయినా బలాబలాలు దగ్గరగా ఉండాలన్న డ్రాఫ్ట్ లక్ష్యం ఎలాంటి ఫలితాన్ని ఆశిస్తుందో ఈ అంకెలు చూపుతాయి.

3. మదింపులో పరిగణించే అంశాలు

3.1 శరీరం

ఎన్.బి.ఏ. డ్రాఫ్ట్‌కు ముందు జరిగే కొలతల శిబిరంలో ఆటగాడి ఎత్తు, చేతులు చాచినప్పటి వెడల్పు, నిలబడి పైకి చాచినప్పుడు చెయ్యి అందే ఎత్తు, ఎగిరే ఎత్తు, దిశ మార్చి పరుగెత్తే వేగం మొదలైనవి నమోదు చేస్తారు. బాస్కెట్‌బాల్‌లో వీటికి ప్రాధాన్యం సహజమే. బంతి వేయవలసిన వలయం నేలకు పదడుగుల ఎత్తులో ఉంటుంది. ఎత్తు నేర్పితే వచ్చేది కాదు, తక్కినవి నేర్పవచ్చునని శిక్షకులు భావిస్తారు. సత్నాం సింగ్ ఎంపికకు ఆధారం ఈ తర్కమే.

అయితే కొలతలన్నీ సమానమైనవి కావు. 2007 శిబిరంలో కెవిన్ డ్యూరాంట్ 185 పౌండ్ల బరువును ఒక్కసారి కూడా పైకి ఎత్తలేకపోయాడు. అయినా రెండవ ఎంపికగా వెళ్ళి, తన తరంలోని అగ్రశ్రేణి ఆటగాళ్ళలో ఒకడయ్యాడు. ఆ బరువు పరీక్ష కొలిచింది నిజమే కాని ఆటకు అవసరమైనదాన్ని కాదు. తేలికగా కొలవగలిగినదానికి అవసరమైనదానికంటే ఎక్కువ విలువ ఇవ్వడం మదింపులో మొదటి ప్రమాదం.

ఆట మారితే శరీరపు అర్థం కూడా మారుతుంది. ఖో-ఖోలో ఎత్తు ప్రధానం కాదు. ఒక్క అడుగులో దిశ మార్చడం, స్తంభం దగ్గర ఒంటిని తిప్పి దూకడం ప్రధానం. కబడ్డీలో కూతకు వెళ్ళేవాడికి, పట్టు పట్టేవాడికి కావలసిన శరీరాలు వేరు. అందువల్ల మంచి శరీరం అన్న మాటకు ఆట పేరు చెప్పకుండా అర్థం లేదు.

3.2 అంకెలు

గణాంకాలను రెండు ప్రశ్నలతో చదవాలి: ఎన్నిసార్లు, ఎవరిమీద?

మొదటి ప్రశ్నకు చిన్న లెక్క చాలు. ఒక కుర్రవాడు పది విసురుల్లో ఎనిమిది బంతులు వలయంలో వేశాడు. మరొకడు రెండువందల విసురుల్లో నూటయాభై వేశాడు. శాతం చూస్తే మొదటివాడు మెరుగు: 80, 75. కాని నిజానికి 60 శాతం సామర్థ్యమే ఉన్నవాడు కూడా పదింట ఎనిమిదో అంతకుమించో వేయగలిగే సంభావ్యత దాదాపు ఆరింట ఒకటి. అదే సామర్థ్యంతో రెండువందల్లో నూటయాభై వేయడం దాదాపు అసంభవం. కనుక నమ్మదగినది రెండవవాడి అంకె. ఒక టోర్నమెంటులో మెరిసిన ఆటగాడు మరుసటి సంవత్సరం సాధారణంగా కనబడితే వాడు పాడైపోయాడనడం చాలాసార్లు సరికాదు. తొలి అంకెలో కొంత అదృష్టం కలిసివుంది, అది తొలగిపోయింది.

రెండవ ప్రశ్న ప్రత్యర్థి స్థాయికి సంబంధించినది. విశాఖపట్నానికి చెందిన నితీశ్‌కుమార్ రెడ్డి 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1,237 పరుగులు చేశాడు. అందులో నాగాలాండ్‌పై చేసిన 441 పరుగుల ఇన్నింగ్స్ ఒకటి. బలహీనమైన జట్టుపై వచ్చిన అంకెను ఉన్నది ఉన్నట్టుగా పై స్థాయికి తీసుకుపోలేం. 2016 జనవరిలో ముంబయి పాఠశాలల పోటీలో ఒక విద్యార్థి ఒకే ఇన్నింగ్స్‌లో 1,009 పరుగులు చేసి ప్రపంచ దృష్టిని ఆకర్షించాడు. ఆ అంకె అతని వృత్తి జీవితానికి హామీ కాలేకపోయింది. కాబట్టి 441 ఒక్కటే కాక, ఆ సంవత్సరమంతా కొనసాగిన నిలకడ, దానితోపాటు బౌలింగ్ సామర్థ్యం చూసినప్పుడే నితీశ్ మదింపు సమగ్రమవుతుంది. 2022 డిసెంబరు వేలంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ అతణ్ణి కనీస ధర 20 లక్షలకు తీసుకుంది. 2024 ఐపీఎల్‌లో అతడు వర్ధమాన ఆటగాడి పురస్కారం అందుకొన్నాడు. అదే ఏడాది డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో శతకం చేశాడు.

3.3 వయసు

పదహారేళ్ళలోపు పోటీల్లో పదకొండు నెలల తేడా చిన్నది కాదు. వయోవిభాగానికి కొలబద్ద తేదీ సెప్టెంబరు 1 అనుకుంటే, సెప్టెంబరులో పుట్టినవాడు మరుసటి ఆగస్టులో పుట్టినవాడితో ఒకే విభాగంలో ఆడతాడు. పెద్దవాడు ఎత్తుగా, బలంగా కనిపిస్తాడు. ఎంపికవుతాడు, మంచి శిక్షణ పొందుతాడు, ఆ శిక్షణవల్ల నిజంగానే మెరుగవుతాడు. కెనడా ఐస్‌హాకీ ఆటగాళ్ళ పుట్టిన నెలలను పరిశీలించిన రోజర్ బార్న్స్‌లీ బృందం 1985లో వెల్లడించిన ఈ సాపేక్ష వయోప్రభావాన్ని తరువాత ఎన్నో క్రీడల్లో గుర్తించారు. ఇక్కడ మదింపు భవిష్యత్తును ఊహించడంతో ఆగదు, దాన్ని తయారుచేస్తుంది. ఎంపిక కానివాడి వైఫల్యం ఎంపిక సరైనదే అనడానికి రుజువుగా మిగిలిపోతుంది.

మన సమాజంలో దీనికి మరో చిక్కు తోడవుతుంది. బడిలో చేర్పించేనాడు నోటిలెక్కగా రాయించిన పుట్టిన తేదీలు మన ప్రాంతంలో అరుదు కాదు. భారత క్రికెట్ నియంత్రణ మండలి పదహారేళ్ళలోపు విభాగంలో మణికట్టు ఎక్స్‌రే ద్వారా ఎముకల వయసును లెక్కించే పద్ధతిని అనుసరించడానికి వయసు ధ్రువీకరణలోని ఈ సమస్యే కారణం. కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీల విభాగాలు పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని ఉంటాయి. కాగితం మీది వయసును కాక శరీరం చెప్పే వయసును ప్రమాణంగా తీసుకోవాలన్న సూత్రం మన రైతులకు కొత్తది కాదు.

3.4 ఆటతెలివి, స్వభావం

కొలతకు లొంగనివి ఆటతెలివి, స్వభావం. బంతి ఎక్కడికి వస్తుందో ముందుగా గ్రహించడం, తోటివాడు ఖాళీలోకి వెళ్ళకముందే అందించడం, ఓడుతున్నప్పుడు ఆట మరవకపోవడం వంటివి ఇందులోకి వస్తాయి. వీటిని చూడడానికి అనుభవజ్ఞుడి కన్ను కావాలి. అయితే ఆ కన్నుకు కూడా అలవాట్లుంటాయి. తనలాంటి ఆటగాణ్ణి, తన భాష మాట్లాడేవాణ్ణి, ధైర్యంగా సమాధానం చెప్పేవాణ్ణి అది సులభంగా ఇష్టపడుతుంది. పల్లె నుండి వచ్చి మాట తడబడే కుర్రవాడి మౌనం ఆత్మవిశ్వాసలోపంగా నమోదయ్యే ప్రమాదం ఉంది. ఎద్దు ఒంటిమీది సుడులను బట్టి యజమానికి కలిసివస్తుందో లేదో చెప్పే నమ్మకానికి, ఇంటర్వ్యూలో కూర్చున్న తీరును బట్టి కుర్రవాడి గుండెధైర్యాన్ని నిర్ణయించే అలవాటుకు కొన్నిసార్లు పెద్ద తేడా ఉండదు.

4. మదింపు తప్పిన, తప్పిందనిపించిన సందర్భాలు

1984 డ్రాఫ్ట్‌లో హ్యూస్టన్ హకీమ్ ఒలాజువాన్‌ను, పోర్ట్‌లాండ్ సామ్ బౌవీని, షికాగో మైకేల్ జోర్డాన్‌ను వరుసగా తీసుకున్నాయి. జోర్డాన్‌ను వదులుకొన్న పోర్ట్‌లాండ్ నిర్ణయాన్ని నేటికీ ఉదాహరిస్తారు. కాని ఆనాటి స్థితి వేరు. పోర్ట్‌లాండ్‌లో జోర్డాన్ ఆడే స్థానంలో క్లైడ్ డ్రెక్స్‌లర్ ఉన్నాడు. వారికి పొడగరి కావాలి. తప్పు అవసరాన్ని గుర్తించడంలో లేదు. అవసరాన్ని ప్రతిభ కంటే ముందు నిలపడంలో ఉంది, బౌవీ కాలికి కళాశాలలోనే అయిన గాయాల చరిత్రకు తగిన బరువు ఇవ్వకపోవడంలో ఉంది.

2008 ఐపీఎల్ డ్రాఫ్ట్‌లో తొలి అవకాశం ఢిల్లీది. వారు ఎడమచేతి వాటం పేసర్ ప్రదీప్ సాంగ్వాన్‌ను తీసుకున్నారు. ఢిల్లీ కుర్రవాడే అయిన విరాట్ కోహ్లీ బెంగళూరుకు వెళ్ళాడు. దీనికి పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెతను అన్వయించాలనిపిస్తుంది. అయితే సాంగ్వాన్ కూడా ఢిల్లీవాడే కాబట్టి ఆ సామెత ఇక్కడ నిలవదు. సెహ్వాగ్, గంభీర్ వంటి బ్యాటర్లున్న జట్టు బౌలర్‌ను కోరుకొంది. ఇదీ 1984 నాటి తర్కమే.

2013లో తొలి ఎంపిక ఆంథోనీ బెనెట్ నాలుగేళ్ళలో నాలుగు జట్లు మారి ఎన్.బి.ఏ. నుండి నిష్క్రమించాడు. అదే డ్రాఫ్ట్‌లో 15వ ఎంపిక యానిస్ ఆంటెటోకున్మో. మరుసటి ఏడాది 41వ ఎంపికగా వెళ్ళిన సెర్బియా కుర్రవాడు నికోలా యోకిచ్ తరువాత 2021, 2022, 2024లలో అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం పొందాడు. యోకిచ్ వేగంగా పరుగెత్తేవాడు కాదు, ఎత్తుకు ఎగిరేవాడు కాదు. శిబిరాల పరీక్షలు కొలిచేది ఆ రెండింటినే. అతని బలమైన ఆటతెలివి వాటిలో కనబడదు.

వేలం వైపు చూస్తే, 2023లో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు తీసుకుంది. అతడు వ్యక్తిగతంగా రాణించినా జట్టు ఆ సీజన్‌లో చివరి స్థానంలో నిలిచింది. మరోవైపు కొత్త యువ ఆటగాళ్ళ కోటాలో 2018లో దబంగ్ ఢిల్లీకి వచ్చిన నవీన్ కుమార్ కొద్ది కాలంలోనే ఆ లీగ్‌లోని అగ్రశ్రేణి కూతగాళ్ళలో ఒకడయ్యాడు. ఒకరి విషయంలో మదింపు తప్పలేదు, కాని ఒక్కడి విలువ ఏడుగురి ఆటకు ప్రత్యామ్నాయం కాలేదు. రెండవవాడి విషయంలో తక్కువ ధరకు దొరికే యువకులను ఓపికగా వెతకడం ఫలించింది. రిచర్డ్ థేలర్, కేడ్ మాసీ అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్‌పై చేసిన అధ్యయనం సారాంశం కూడా దీనికి దగ్గరే: జట్లు అన్నిటికంటే ముందు వంతుకు దాని నిజమైన విలువకంటే ఎక్కువ చెల్లిస్తాయి. తమ ఊహపై తమకున్న అతి నమ్మకమే అందుకు ప్రధాన కారణం.

అయితే ఈ ఉదాహరణలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. జరిగిన తరువాత అన్నీ స్పష్టంగానే కనబడతాయి. తప్పిన మదింపులను గుర్తుంచుకొన్నంతగా ఫలించిన మదింపులను ఎవరూ గుర్తుంచుకోరు. మదింపు మంచిదో కాదో చెప్పవలసింది ఒక్క ఫలితాన్ని బట్టి కాదు, ఆనాటికి అందుబాటులో ఉన్న ఆధారాలను ఎంత న్యాయంగా తూచారన్నదాన్ని బట్టి.

5. తెలుగు వ్యవహారంలో మదింపు పరిభాష

5.1 మామిడితోట బేరం

నూజివీడు ప్రాంతంలో మామిడితోటల ఫలసాయాన్ని వ్యాపారులు వివిధ దశల్లో కొంటారు: పూత మీద, పిందె మీద, కాయ మీద. పూత మీద కొంటే ధర తక్కువ, ప్రమాదం ఎక్కువ. పూతంతా పిందె కాదు, పిందెలన్నీ నిలవవు. కాయ మీద కొంటే నష్టభయం తగ్గుతుంది, ధర పెరుగుతుంది. యువ క్రీడాకారుల ఎంపికను వివరించడానికి ఇంతకంటే సరైన పదసంపుటి అవసరం లేదు. 2024 నవంబరులో రాజస్థాన్ రాయల్స్ పదమూడేళ్ళ వైభవ్ సూర్యవంశీని 1.10 కోట్లకు తీసుకోవడం పూత మీది బేరం. 2025 ఏప్రిల్‌లో అతడు 35 బంతుల్లో శతకం చేసి ఆ ఊహను నిలబెట్టాడు. అయినా ఒక్క చెట్టు కాపును చూసి పూత బేరాలన్నీ లాభమనలేం.

ఈ పోలిక ఒక చోట ఆగిపోతుంది. తోట బేరంలో పూత రాలితే నష్టపోయేది డబ్బు పెట్టిన వ్యాపారి. క్రీడలో పూత రాలితే జట్టు నష్టం ఒక సంవత్సరపు లెక్కతో తీరిపోతుంది. చదువు మానుకొని ఐదారేళ్ళు ఆటకే అంకితమైన కుర్రవాడి నష్టం అలా తీరదు. ప్రమాదాన్ని అంచనా వేసేది ఒకరు, మోసేది మరొకరు. యువ క్రీడాకారుల మదింపులోని నైతిక సమస్యకు మూలం ఇదే.

5.2 ఆటోనగర్ మాటలు

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోని లారీ బాడీ షెడ్లు, లేత్ పనుల చోట్లు, టింకరింగ్ షాపులు కూడా యువకులను మదింపు చేసే స్థలాలే. కొత్తగా చేరిన కుర్రవాడు హెల్పర్‌గా పానాలు అందించడంతో మొదలుపెడతాడు. అతని ఎదుగుదలను చెప్పడానికి మేస్త్రీలు వాడే మాటల్లో ఒక క్రమం ఉంది. పనిలో పడ్డాడు అంటే శ్రద్ధ కుదిరిందని. చెయ్యి కుదిరింది అంటే చేసిన పని మళ్ళీ చెడకుండా చేయగలడని. చెయ్యి తిరిగింది అంటే కొత్త పని వచ్చినా తానే దారి కనుక్కోగలడని. వీటితోపాటు ఒడుపు, వాటం అన్న మాటలున్నాయి. వాటం పుట్టుకతో వచ్చిన అనుకూలత. ఎడమచేతి వాటం అన్న ప్రయోగంలో ఆ అర్థం స్పష్టం. ఒడుపు బలం తక్కువతో పని ఎక్కువ సాధించే మెలకువ.

ఈ మాటల్లో రెండు విశేషాలున్నాయి. ఒకటి, ఇవి సహజ లక్షణాన్ని, నేర్చినదాన్ని, నిలకడను వేరువేరుగా చెబుతాయి. క్రీడావార్తల్లో వీటన్నిటికీ కలిపి ప్రతిభ అన్న ఒక్క మాటే వాడుతున్నాం. రెండు, ఇవి స్థితిని కాక గతిని చెబుతాయి. పడ్డాడు, కుదిరింది, తిరిగింది అన్నవి క్రియలు. వాటి వెనుక కాలం ఉంది. ఎన్.బి.ఏ. డ్రాఫ్ట్ తొలి విడతలో ఒక్కో ఎంపికకు జట్టుకుండే గడువు ఐదు నిమిషాలు. చెయ్యి తిరిగిందని చెప్పడానికి మేస్త్రీ కొన్ని సంవత్సరాలు చూస్తాడు. పాత లారీ కొనడానికి వచ్చినవాడు కొత్తగా వేసిన రంగును కాక చాసిస్‌ను చూసినట్టే, మంచి పరిశీలకుడు ఒక సీజన్ అంకెలను దాటి ఆ ఎదుగుదల తీరును చూస్తాడు.

5.3 సరిఉజ్జీలు

డ్రాఫ్ట్ లక్ష్యం సమబలం. మన పల్లెల్లో పిల్లలు జట్లు పంచుకొనే పద్ధతి లక్ష్యమూ అదే. ఇద్దరు నాయకులు నిలబడతారు. మిగిలినవారు తమలో తాము సరిఉజ్జీలుగా జతకట్టి, పక్కకు వెళ్ళి మారుపేర్లు పెట్టుకొని వచ్చి, సూర్యుడు కావాలా చంద్రుడు కావాలా అని అడుగుతారు. నాయకుడు కోరింది పేరునే కాబట్టి ఎవరు వచ్చినా జట్లు దాదాపు సమానమే. ఇక్కడ మదింపు చేసేది నాయకుడు కాదు, రోజూ కలిసి ఆడే పిల్లలే. చివరికి ఎవరికీ అక్కరలేనివాడుగా మిగలవలసిన అవమానం ఎవరికీ లేదు. డ్రాఫ్ట్‌కు తెలుగులో వంతుల ఎంపిక అన్న మాట పనికివస్తుంది. దాని ఆశయానికి సరిఉజ్జీ అన్న పదం సిద్ధంగా ఉంది.

5.4 అమ్ముడుపోనివాడు

వేలం అన్న మాటకు పోర్చుగీసు మూలమున్నదని భాషావేత్తలు భావిస్తారు. సరుకుతోపాటు వచ్చిన ఆ మాట సరుకు పరిభాషనే వెంటతెచ్చింది. కనీస ధర, కొనుగోలు, అమ్ముడుపోయాడు, అమ్ముడుపోలేదు అన్నవి నేడు క్రీడాపుటల్లో మామూలు ప్రయోగాలు. మన పశువుల సంతల్లో బేరగాళ్ళు తువ్వాలు కింద చేతివేళ్ళు పట్టుకొని ధర చెప్పుకొనే ఆచారం ఉంది. దాని ఉద్దేశం వ్యాపార గోప్యతే కావచ్చు. కాని ఫలితంగా ఒక ఎద్దును ఎవరూ వద్దనుకొన్నారన్న సంగతి సంతంతా వినబడదు. పద్దెనిమిదేళ్ళ కుర్రవాడి పేరు పిలిచి, ఎవరూ చెయ్యెత్తకపోవడాన్ని ఊరంతా టెలివిజన్‌లో చూస్తుంది. మరునాడు పత్రిక అతణ్ణి అమ్ముడుపోని ఆటగాడంటుంది. అతడి ఆటపై ఆ జట్లకు ఆ రోజున అవసరం కలగలేదన్నదే అసలు అర్థం. ఎంపిక కాలేదు అన్న మాట ఆ అర్థాన్ని కచ్చితంగా చెబుతుంది, మనిషిని సరుకుగా చెప్పదు.

6. ముగింపు

పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది అంటుంది ఒక సామెత. నిజం నిలకడ మీద తెలుస్తుంది అంటుంది మరొకటి. యువ క్రీడాకారుల మదింపు ఈ రెండు సూత్రాల మధ్య జరిగే తూకం. ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

• డ్రాఫ్ట్, వేలం రెండూ ఊహపై ఆధారపడినవే. డ్రాఫ్ట్‌లో పొరపాటు వంతును వృథా చేస్తుంది. వేలంలో పొరపాటు ధరను పెంచుతుంది.

• శరీరపు కొలతలు ఆట అవసరంతో, గణాంకాలు సంఖ్యతోనూ ప్రత్యర్థి స్థాయితోనూ, వయసు శరీర పరిణతితోనూ కలిపి చదివినప్పుడే అర్థవంతమవుతాయి.

• చిన్న వయసులో చేసిన ఎంపిక ప్రతిభను గుర్తించడమే కాక, అవకాశాల ద్వారా ప్రతిభను తయారుచేస్తుంది. అందువల్ల ఎంపిక కానివారిని మళ్ళీ చూసే ఏర్పాటు ప్రతి విభాగంలో ఉండాలి. విజయవాడ విలుకత్తె వెన్నం జ్యోతి సురేఖ బాల్యంలో ఈతలో గుర్తింపు పొంది, తరువాత విలువిద్యకు మారి, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు సాధించింది. తొలి ఆటే చివరి ఆట కానక్కరలేదు.

• మదింపు తప్పినప్పుడు నష్టం మోసేది ప్రధానంగా యువకుడే కాబట్టి, అతని చదువు తెగిపోకుండా చూడవలసిన బాధ్యతలో కళాశాలలకు కూడా భాగముంది. హాజరు, పరీక్షల విషయంలో సడలింపు ఇచ్చి ఊరుకోవడం చాలదు. ఆట నుండి తిరిగివచ్చిన విద్యార్థి తరగతిలో మళ్ళీ నిలదొక్కుకొనే మార్గం చూపాలి.

• వాటం, ఒడుపు, చెయ్యి తిరగడం, నిలకడ, పూత, పిందె, సరిఉజ్జీ వంటి మాటలు క్రీడా మదింపుకు సహజమైన పరిభాషను సమకూర్చగలవు. కృష్ణా డెల్టాతోపాటు ఇతర ప్రాంతాల వృత్తిపదాలను ఈ దృష్టితో సేకరించడం భావి పరిశోధకులకు ఉపయుక్తమైన క్షేత్రం.

అధ్యాపకులుగా మనమూ ప్రతి సంవత్సరం పద్దెనిమిదేళ్ళవారిని మార్కులతో, ఇంటర్వ్యూలతో తూస్తున్నాం. వారి గురించి మనం రాసే ఒక్కో వాక్యంలో ఎంత కొలత, ఎంత ఊహ ఉన్నాయో విడదీసి చెప్పగలగడం క్రీడారంగానికి ఎంత అవసరమో మన రంగానికీ అంతే అవసరం.